డ్యూటీ చార్టులో నీ పేరు

చి. అమ్మలుకి,

నాన్న ఆశీర్వదించి రాసేది. మేమిద్దరం క్షేమం. మీ అమ్మ మోకాలినొప్పి కొంచెం నయం. ఊళ్ళో రెండు రోజులుగా వాన, గోదారి ఎర్రబడింది.

మీ దగ్గర పది రోజులు ఉండి వచ్చాక నీతో ఈ మాట చెప్పాలని నాలుగుసార్లు ఫోన్ చేశాను. ఎత్తగానే "చెప్పు నాన్నా" అంటావు. వెనకాల కీబోర్డు టకటక వినబడుతూనే ఉంటుంది. నీ పనికి అడ్డం వస్తున్నానేమోనని నేనే తొందరగా పెట్టేస్తాను. కాగితమైతే నీకు వీలైనప్పుడు చదువుకుంటావని రాస్తున్నాను.

ఆ గురువారం సంగతి. రాత్రి ఒంటిగంటన్నరకి మంచినీళ్ళకని లేచాను. హాల్లో లైటు ఆర్పేసి ల్యాప్‌టాప్ వెలుగులో కూర్చుని ఉన్నావు, చెవుల్లో ఆ హెడ్‌సెట్. పక్కన పెరుగన్నం గిన్నె. అన్నం అంచులు ఎండిపోయి, చెంచా అందులోనే గుచ్చి ఉంది. నన్ను చూసి చేత్తో "పడుకో" అని సైగ చేశావు. పొద్దున ఆరున్నరకల్లా మళ్ళీ లేచి, బాబుకి బాక్సు కట్టావు. స్కూలు వ్యాను వెళ్ళిపోతే కారు తీశావు. నేను ముందు సీట్లో కూర్చున్నాను.

సిగ్నల్ దగ్గర పచ్చలైటు పడింది. నీ కళ్ళు తెరిచే ఉన్నాయి, లైటు వైపే చూస్తున్నాయి. కాలు మాత్రం కదల్లేదు. వెనక నుంచి హారన్లు మోగాక ఉలిక్కిపడి బండి కదిలించావు. "ఏదో ఆలోచనలో పడ్డా నాన్నా" అన్నావు. ఆలోచన కాదమ్మా అది. నిద్ర. కళ్ళు తెరుచుకుని ఉండగానే వచ్చే నిద్ర. ముప్పై మూడేళ్ళు బస్సు నడిపినవాణ్ణి, దాన్ని నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. బాబు వెనక సీట్లో ఉన్నాడని అప్పుడు నోరెత్తలేదు.

నీకు ఇంతవరకూ చెప్పని సంగతి ఒకటి ఉంది. మీ అమ్మకి కూడా చాలా ఏళ్ళు చెప్పలేదు.

నువ్వు ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతున్నావు. ఫీజు కట్టాల్సిన నెల. ముందు రాత్రి బయటే ఉండే నైట్ అవుట్ డ్యూటీ చేసి పొద్దున డిపోలో దిగినవాణ్ణి, ఓటీ (ఓవర్‌టైమ్ డబ్బు) వస్తుందని నేనే అడిగి అదే సాయంత్రం హైదరాబాదు సర్వీసు వేయించుకున్నాను. పగలు పడుకోవాల్సింది. చుట్టాలింట్లో గృహప్రవేశమని వెళ్ళి, భోజనం చేసి వచ్చేసరికి మూడయింది. ఒక గంట నడుం వాల్చి డ్యూటీ ఎక్కాను. ఏలూరు, విజయవాడ, నందిగామ బాగానే దాటాను. నిద్ర వస్తున్నట్టు అనిపించినప్పుడల్లా అద్దం దించాను, మొహం కడిగాను, పచ్చిమిరపకాయ కొరికాను. మా డ్రైవర్లందరికీ తెలిసిన చిట్కాలే. ఒక్కోటి పది నిమిషాలు పనిచేస్తుంది, అంతే.

కోదాడ దాటాక టైము మూడుంబావు. ఎడమ చక్రాలు తారు అంచు దిగి కంకరలో గరగరలాడితే మెలకువ వచ్చింది. రెప్ప ఎప్పుడు వాలిందో నాకు తెలియదు. హెడ్‌లైటు వెలుగులో సున్నం కొట్టిన కల్వర్టు గోడ, దాని మీద నల్లరంగుతో రాసిన నంబరు కూడా కనిపించింది. అంత దగ్గర. స్టీరింగ్ తిప్పాను, బస్సు రోడ్డెక్కింది. లోపల నలభై రెండుమంది. ఒక్కరూ లేవలేదు. కండక్టరు కూడా లేవలేదు. నా చేతుల వణుకు సూర్యాపేట దాకా ఆగలేదు.

అక్కడ హోటల్ ముందు ఆపి, టీ తాగి, స్టీరింగ్ మీద తల పెట్టి ఇరవై నిమిషాలు పడుకున్నాను. టీ తాగితే నిద్రెలా పడుతుందంటావేమో. టీ ఒంటికి పట్టడానికి ఎలాగూ ఇరవై నిమిషాలు, అరగంట పడుతుంది. ఆలోపు కునుకు తీస్తే, లేచేసరికి రెండూ కలిసి పనిచేస్తాయి. ఒక పెద్దాయన పెళ్ళికి లేటవుతోందని కేకలేశాడు. పడ్డాను. తప్పు నాది, ఆ కేకలు నాకు చెల్లుతాయి.

ఆ తరవాత డబుల్ డ్యూటీ అడగలేదు. మీ అమ్మ గాజులు తాకట్టు పెట్టి నీ ఫీజు కట్టాం. అవి విడిపించాం కూడా, దిగులు పడకు.

నువ్వంటావు, "నాది కుర్చీలో కూర్చునే పని నాన్నా, బస్సు కాదుగా" అని. మా సేఫ్టీ క్లాసులో ఒక మాట చెప్పారు, ఇప్పటికీ మరిచిపోలేదు. మన దేశంలో 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే తాగి నడిపినట్టు కేసు. 17 గంటలు ఏకబిగిన మేలుకున్న మనిషి కన్నూ చెయ్యీ పనిచేసే తీరు 50 మిల్లీగ్రాములు ఎక్కినవాడితో సమానమని పరిశోధనల్లో తేలింది. నువ్వు ఆరున్నరకి లేస్తావు. రాత్రి పదకొండున్నరకి 17 గంటలు నిండుతాయి. నీ అసలు కాల్ మొదలయ్యేదే అప్పుడు. చుక్క ముట్టని నా కూతురు రోజూ ఆ స్థితిలో లెక్కలు చూస్తోంది, మర్నాడు సరిగా తేరుకోకుండానే బిడ్డని ఎక్కించుకుని కారు నడుపుతోంది.

నిన్ను ఉద్యోగం మానమని నేను చచ్చినా అనను. నీ కాళ్ళ మీద నువ్వు నిలబడాలని మేమిద్దరం ఎంత కోరుకున్నామో నీకు తెలుసు. చెప్పేది డ్యూటీ చార్టు గురించి.

మా డిపోలో చార్టు గోడకి అంటించేవాళ్ళు. ఎవరికి ఏ సర్వీసు, ఎవరికి వీక్లీ ఆఫ్, అన్నీ ముందే రాసి ఉండేవి. ఆఫ్ అనేది సర్వీసులన్నీ వేశాక మిగిలితే ఇచ్చేది కాదు, ముందు ఆఫ్‌లు రాసి తరవాతే సర్వీసులు సర్దేవాళ్ళు. మా రోజుల్లో 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం ఉండేది: రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు, 5 గంటలు పనిచేస్తే కనీసం అరగంట విరామం. మేడే నాడు జెండా ఎగరేసి యూనియన్ పెద్దలు ఇవే చెప్పేవాళ్ళు. 1886లో చికాగోలో జనం ప్రాణాలు పోగొట్టుకున్నది ఎనిమిది గంటల పని కోసమే. మన దేశంలో మొదటి మేడే 1923లో మద్రాసులో సింగారవేలు చెట్టియార్ జరిపారు. ఇంతమంది పోరాడి తెచ్చిన గంటలమ్మా అవి. మీ ఆఫీసులో ఎవరూ లాక్కోకుండానే నువ్వే తీసి ఇచ్చేస్తున్నావని నాకు బాధ.

నేనున్న వారం నీ గంటలు లెక్కపెట్టాను, కోప్పడకు. 61 వచ్చింది. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్ళకి, 35-40 గంటలు చేసేవాళ్ళకంటే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో కలిసి చెప్పాయి. అది చదివాక నాకు రెండు రాత్రులు సరిగా నిద్ర పట్టలేదు.

ఇంత చెప్పే నేను ఇంట్లో ఏం చేశానో నీకు గుర్తుండే ఉంటుంది. ఊరంతా సంక్రాంతికి ఇంటికొచ్చేది మా బస్సుల్లోనే. స్పెషల్ సర్వీసులు పడేవి. భోగి నాడు ఇంట్లో నేనున్నది ముప్పై మూడేళ్ళలో ఆరుసార్లు. నీకు భోగిపళ్ళు పోసింది మీ మావయ్య. ఆ ఫోటో ఇప్పటికీ బీరువాలో ఉంది. నీ నెత్తి మీద రేగుపళ్ళు, పక్కన మావయ్య చెయ్యి. ఆ చెయ్యి నాది కావాల్సింది. పండగలకి డ్యూటీ తప్పదు, దానికి ఎవరినీ అనను. కానీ మామూలు ఆఫ్‌లు కూడా అమ్ముకున్నాను. మూడొందలకీ, నాలుగొందలకీ. ఆ డబ్బు దేనికి ఖర్చయిందో ఇప్పుడు ఒక్కటీ గుర్తులేదు. నువ్వు సైకిల్ నేర్చుకున్న రోజు నేను లేనని మాత్రం గుర్తుంది.

మీ అమ్మ సంగతి ఇంకా తరవాత తెలిసింది. నాకు వీక్లీ ఆఫ్ ఉంది, ఆమెకి ఏ చార్టులోనూ పేరే లేదు. నా ఆఫ్ రోజున ఆమెకి ఇంకో రెండు కూరలు ఎక్కువ పని. రిటైరయ్యాక ఇంట్లో కూర్చుంటేనే చూశాను, ఈ మనిషి పగలు ఒక్కసారైనా కుర్చీలో వీపు ఆనించి కూర్చోదని. ఇప్పుడు ఆదివారం వంటిల్లు నాది. పప్పుచారు, వంకాయ వేపుడు చేయగలను. మీ ఇంట్లో నువ్వు సరిగ్గా మీ అమ్మలాగే తిరుగుతున్నావు, పైగా ఆఫీసు కూడా. అల్లుడుగారు మంచివాడు, అడిగితే చేస్తాడు. నువ్వు అడగవు. పొద్దున బాక్సు, వ్యాను ఆయన చేతిలో పెట్టు. రెండు వారాలు కూర మాడుతుంది, మూడోవారం కుదురుతుంది. నేను మామగారిని, అడిగితే బాగుండదు. నువ్వు అడుగు.

ఇక ఒళ్ళు. నాకు 52వ ఏట షుగర్ బయటపడింది. గంటల తరబడి కూర్చోవడం, వేళకాని వేళ హోటల్ భోజనం, నిద్ర సరిపోకపోవడం, మూడూ కలిసి చేసిన పని. మా బ్యాచ్‌లో సగంమందికి అంతే. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సర్వేలో దేశంలో 10.1 కోట్లమందికి షుగర్ ఉందని తేలింది. నాకుంది కాబట్టి నీకు వచ్చే అవకాశం మామూలువాళ్ళకంటే ఎక్కువ. ఆస్తి కింద ఇదొకటి ఇచ్చాను నీకు. 35 దాటకముందే పరగడుపున షుగర్ పరీక్ష ఒకసారి, రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ ఒకసారి చేయించుకో. ఈ నెలలోనే.

నడకకి వారానికి 150 నిమిషాలు చాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. పాట పాడటానికి ఊపిరి చాలకపోయినా మాట్లాడగలిగేంత వేగంతో. అంటే రోజుకి అరగంట, ఐదు రోజులు. దాంతోపాటు వారంలో రెండు రోజులు కండరాలకి పని. గుంజీళ్ళు చాలు, జిమ్‌కి ఏడాది డబ్బు కట్టి ఐదు రోజులు వెళ్ళడం కన్నా నయం. అరగంట ఒకేసారి కుదరకపోతే మూడు పది నిమిషాలు. అన్నం తిన్నాక పది నిమిషాలు నడిస్తే షుగర్ అంతగా పెరగదు, ఇది నా షుగర్ చూసే మిషన్ మీద నేనే చూసుకున్నాను. నీ కాల్స్‌లో సగం వినడానికేగా, అవి నడుస్తూ విను. మీ సొసైటీ చుట్టూ ఒక రౌండు నా నడకకి ఆరు నిమిషాలు.

మేము రోజూ పొద్దున్నే పుష్కర్ ఘాట్ నుంచి కోటిలింగాల రేవు దాకా వెళ్ళి వస్తున్నాం. మీ అమ్మ మధ్యలో మెట్ల మీద కూర్చుంటుంది. రైలు వంతెన మీద బండి పోతుంటే పెట్టెలు లెక్కపెడుతుంది. మొన్న ఉన్నట్టుండి, "పెళ్ళయిన కొత్తలో ఇలా తీసుకొస్తానన్నారు" అంది. కోపంగా అనలేదు. నేను జవాబు చెప్పలేక నీళ్ళ వైపు చూశాను.

బాబు గురించి ఒక్కమాట. నేనున్నప్పుడు వాడు రాత్రి నీ గది తలుపు దగ్గర నిలబడి, "అమ్మ మ్యూట్‌లో ఉందా తాతా?" అని అడిగాడు. వాడికి ఐదేళ్ళు. మ్యూట్‌లో ఉంటేనే అమ్మతో మాట్లాడొచ్చని నేర్చుకున్నాడు. వాడికి రోజూ ఇరవై నిమిషాలు చాలు, ఫోన్ ఇంకో గదిలో పెట్టి. కథ చెప్పు, నీకు నేను చెప్పలేకపోయినవి మీ అమ్మని అడిగి చెప్పు.

మీ మేనేజరుతో ఒకసారి మాట్లాడు. వారంలో ఐదు రాత్రుల కాల్స్‌లో రెండైనా వేరేవాళ్ళతో పంచుకునే వీలుందేమో అడుగు. కాల్ ఉన్న మర్నాడు పొద్దున కారు తాళాలు ముట్టుకోకు, ఆటో పిలు. ఇది మాత్రం బతిమాలుతున్నాను.

ఈ కాగితం వెనక పెన్సిల్‌తో ఒక చార్టు గీశాను, మా డిపోలో ఉండేలాగే. ఏడు గళ్ళు, అడ్డంగా మీ ముగ్గురి పేర్లు. నీ వరసలో ఆదివారం గడిలో ఆఫ్ అని నేనే రాశాను, పెన్నుతో. రోజూ ఏడు గంటలు నిద్రకని చివర గీత కొట్టి వదిలాను. మిగతా గళ్ళు నువ్వూ అల్లుడుగారూ కూర్చుని నింపండి. ఫ్రిజ్ మీద అంటించి ఫోటో పంపు. ఆదివారం పదకొండింటికి ఫోన్ చేస్తాను. ఎత్తకపోతే పడుకున్నావనుకుంటాను, మళ్ళీ చేయను.

కందిపొడి, మాగాయ కొరియర్‌లో వేశాను.

నాన్న