రాయి మీద ఏం చెక్కిద్దాం

నాన్నా,

సమాధి రాయి మీద ఏం రాయించాలో ఈ వారంలో చెప్పమన్నావు. నువ్వు పంపిన రెండూ చూశాను. "ప్రభువునందు నిద్రించారు" ఒకటి, "ప్రభువు సన్నిధికి చేరారు" ఒకటి. ఏదో ఒకటి ఎంచేసేదాన్నే. కానీ కింద నువ్వు రాసిన ప్రశ్న దగ్గర ఆగిపోయాను: "తాతయ్య నిద్రపోతున్నారా, చేరిపోయారా? రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయమ్మా?"

ఆ రోజు పాస్టరుగారు కూడా రెండూ అన్నారు. ప్రార్థనలో "ఇప్పుడు నీ సన్నిధిలో ఆనందిస్తున్న నీ దాసుడు" అన్నారు. మట్టి వేసేటప్పుడు "కడబూర మ్రోగేవరకు ఇక్కడ విశ్రమించే" అన్నారు. అప్పుడు నువ్వు నా వైపు చూశావు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

ముందు నిద్ర సంగతి. లాజరు చనిపోతే యేసు "నిద్రించుచున్నాడు" అన్నారు. పౌలు థెస్సలొనీకయులకు రాసినప్పుడూ అదే మాట వాడాడు. ఇంగ్లీషులో స్మశానానికి వాడే "సెమెటరీ" అన్న మాట కూడా గ్రీకులో "పడుకునే చోటు" అన్న దాన్నుంచే వచ్చింది. తొలి క్రైస్తవులు తమవాళ్లని పాతిపెట్టిన చోటికి ఆ పేరు పెట్టుకున్నారు. పాత నిబంధనలోని ప్రసంగి అయితే మరీ మొహమాటం లేకుండా "చచ్చినవారు ఏమియు ఎరుగరు" అనేశాడు. ఇవన్నీ కలిపి, చనిపోయినవాళ్లకి పునరుత్థానం దాకా ఏ స్పృహా ఉండదనేవాళ్లున్నారు. ప్రొటెస్టెంటు ఉద్యమం మొదలుపెట్టిన లూథరు చాలాచోట్ల ఆ ధోరణిలోనే మాట్లాడాడు. ఆయన తర్వాతి తరం సంస్కర్త కాల్విన్‌కి అది అస్సలు నచ్చలేదు. 1534లో, పాతికేళ్ల వయసులో, ఆత్మ నిద్రపోదని ఒక పుస్తకమే రాశాడు. అది అచ్చయ్యింది 1542లో.

మనింట్లో ఈ గొడవ ఇంకా చిన్న చోట నడిచింది, ఒక కామా దగ్గర. తాతయ్య బైబిలు ఇప్పుడు నా దగ్గరుంది. లూకా 23:43 తీస్తే "నేడు" అన్న మాట పక్కన పెన్సిలు కామా, దాన్ని చెరిపిన మరక కనిపిస్తాయి. ఒక్కసారి చెరిపింది కాదు, అక్కడ కాగితం పలచబడి వెనక పేజీ అక్షరాలు పైకి కనిపిస్తున్నాయి. "నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువని నిశ్చయముగా నీతో చెప్పుచున్నాను" అని సిలువ మీద పక్క దొంగతో యేసు అన్న మాట అది. మామూలుగా చదివితే ఆ దొంగ ఆ రోజే పరదైసులో ఉంటాడు. "నేడు" తర్వాత కామా పెట్టి చూడు. మాటిస్తున్నది మాత్రమే ఇవాళ, వెళ్లేది ఎప్పుడో. పాత గ్రీకు ప్రతుల్లో కామాలే కాదు, మాటకీ మాటకీ మధ్య ఖాళీ కూడా ఉండేది కాదు.

తాతయ్యతో పనిచేసిన స్నేహితుడొకాయన సెవెంత్ డే అడ్వెంటిస్టు, చనిపోయినవాళ్లు పునరుత్థానం దాకా నిద్రలోనే ఉంటారని నమ్మే సంఘం. కామా పెట్టించింది ఆయనే. "తిరిగి లేచిన ఆదివారం పొద్దున మగ్దలేనే మరియతో 'నేను ఇంకను తండ్రియొద్దకు ఎక్కిపోలేదు' అన్నవాడు శుక్రవారం పరదైసుకి ఎలా వెళ్తాడండీ?" అనేవారు. తాతయ్య దగ్గర రెండు జవాబులుండేవి. "నిశ్చయముగా చెప్పుచున్నాను" అని యేసు సువార్తల్లో ఎన్నోసార్లు అన్నా, "నేడు చెప్పుచున్నాను" అని ఇంకెక్కడా అనలేదు. పైగా పరదైసు అంటే తండ్రి సింహాసనం అనేనా? అది పర్షియా నుంచి వచ్చిన మాట, గోడ కట్టిన తోట అని. విశ్వాస ప్రమాణంలో "అదృశ్యలోకములోనికి దిగెను" అంటాం కదా, ఆ శుక్రవారం, శనివారం ఆయన ఉన్నది అక్కడ, దొంగ ఆయన పక్కన. ఇద్దరూ ఒకరి మాట ఒకరు ఒప్పుకోలేదు. ఆయన వెళ్లాక తాతయ్య కామా చెరిపేవారు, మళ్లీ వచ్చినప్పుడు ఆయన పెట్టించేవారు. చివరికి మిగిలింది చెరిపిన గుర్తే కాబట్టి తాతయ్య గెలిచారనుకుంటాను.

నేనూ తాతయ్య పక్షమే. పౌలు బంధకాల్లో ఉండి ఫిలిప్పీయులకు రాస్తూ, వెడలిపోయి క్రీస్తుతో కూడ ఉండాలని ఆశగా ఉందన్నాడు, అది మరి మేలు అన్నాడు. ఏమీ తెలియని నిద్రని అంత ఆశపడి "మేలు" అంటాడా? అయితే గమనించు, ఎక్కడికి వెళ్తాడో చెప్పలేదు. ఎవరితో ఉంటాడో చెప్పాడు.

నా చిన్నప్పుడు ఒక ప్రసంగీకుడు ధనవంతుడు-లాజరు కథ చెప్పి, మంటలో ఎండిన నాలుకని వర్ణించి వర్ణించి, వారం రోజులు నాకు నిద్ర లేకుండా చేశాడు. ఆయన మీద ఇప్పటికీ కోపమే. ఆ కథలో (ఇందాకటి లాజరు కాదు, వేరే బీదవాడు) చనిపోయిన లాజరు చేరిన అబ్రాహాము రొమ్ము, ధనవంతుడు పడ్డ మంట, మధ్యలో మహా అగాధం ఉన్నాయి, నిజమే. కానీ యేసు చెప్పింది గుమ్మం ముందు పడున్న మనిషిని చూడని ధనవంతుడి గురించి. దాన్ని పరలోకపు పటంలా వాడితే నాకు ఒళ్లు మండుతుంది. ఇంకోటి, అక్కడున్నది "పాతాళము", నరకం కాదు. పాతాళం చనిపోయినవాళ్లుండే చోటు, తాత్కాలికం. ప్రకటన 20లో మరణాన్నీ, మృతుల లోకాన్నీ కూడా అగ్నిగుండంలో పడేస్తారు. అంటే ఆ చోటుకే చావుంది.

కేథలిక్కు అయిన మీ అత్తగారు తాతయ్య పేరున గుడిలో పూజ పెట్టించారని మనవాళ్లలో కొందరు ముఖం మాడ్చుకున్నారు. నువ్వు పట్టించుకోకు. వాళ్ల ఉత్తరించు స్థలం రెండో అవకాశం కాదు, చిన్న నరకమూ కాదు. దేవుని కృపలో చనిపోయినవాళ్లే అక్కడ శుద్ధి పొందుతారని, వాళ్ల కోసం ప్రార్థించొచ్చని వాళ్ల నమ్మకం. మన బైబిల్లో లేని రెండో మక్కబీయుల గ్రంథం 12వ అధ్యాయం వాళ్లకి ఆధారం. 1274లో లియోన్ సభ, 1439లో ఫ్లోరెన్స్ సభ, 1563లో ట్రెంట్ సభ దాన్ని స్థిరపరిచాయి. ఆర్థడాక్స్ వాళ్లు ఆ సిద్ధాంతం ఒప్పుకోరు, అయినా మూడో రోజున, తొమ్మిదో రోజున, నలభయ్యో రోజున చనిపోయినవాళ్ల కోసం ప్రార్థిస్తారు. లూథరు 1517లో తిరగబడింది ముఖ్యంగా డబ్బిస్తే అక్కడి శిక్ష తగ్గుతుందంటూ సాగిన పాపపరిహార పత్రాల వ్యాపారం మీద. ఆ తర్వాత మనవాళ్లు ప్రార్థనని కూడా వదిలేశారు.

తొలి సంఘపు గొప్ప బోధకుడు అగస్టీన్ తల్లి మోనికా 387లో రోము దగ్గరి ఓస్తియాలో, ఇంటికి దూరంగా చనిపోయింది. ఈ ఒంటిని ఎక్కడైనా పెట్టండి, దాని గురించి బెంగ వద్దు, ప్రభువు బల్ల దగ్గర మాత్రం నన్ను తలుచుకోండి అని కొడుకులతో చెప్పింది. నేను చనిపోయినవాళ్ల కోసం ప్రార్థన చెయ్యను, అలా పెరగలేదు. కానీ మొన్న రాత్రి ప్రార్థనలో అందరి పేర్లూ చెప్తుంటే, రోజూ వచ్చే చోట "నాన్నగారి మోకాళ్లు" అని నోట్లోంచి వచ్చేసింది. వెనక్కి తీసుకోలేదు.

ఇంతకీ ఇది తేలలేదని నువ్వు సిగ్గుపడక్కర్లేదు. ఇరవై రెండో జాన్ అనే పోపుగారు 1331లో, పరిశుద్ధులు కూడా తుది తీర్పు దాకా దేవుణ్ణి ముఖాముఖి చూడరని ప్రసంగించారు. గొడవ గొడవైంది. 1334లో మరణశయ్య మీద ఆ మాట వెనక్కి తీసుకున్నారు. 1336లో తర్వాతి పోపు పన్నెండో బెనెడిక్ట్, శుద్ధి అవసరం లేనివాళ్లు చనిపోగానే చూస్తారని ఖాయం చేశారు.

మరి అప్పుడే చేరిపోతే తీర్పు దేనికి అంటావు. నాకు తోచింది చెప్తాను. ప్రకటన 6లో బలిపీఠం కింద హతసాక్షుల ఆత్మలు "ఎందాక" అని కేకలేస్తాయి. వాళ్లకి తెల్లని వస్త్రం ఇచ్చి, ఇంకొంచెం కాలం ఆగమంటారు. దేవుని దగ్గరే ఉండి కూడా వాళ్లు ఎదురుచూస్తున్నారు. ఒళ్లు లేకుండా ఉండటం పౌలుకి బట్టల్లేకుండా ఉన్నట్టే. ఆ శరీరం లేచాక, జరిగిన అన్యాయాలన్నీ అందరి ముందూ తేలాకే కథ పూర్తవుతుంది. తాతయ్య క్షేమంగా ఉన్నారు, కానీ ఇంకా పూర్తిగా తాతయ్య కాలేదు. ఆయన చేతులు మనం పాతిపెట్టిన చోటే ఉన్నాయి కదా.

అందుకే నువ్వు పంపిన రెండూ వద్దు. 1 థెస్సలొనీకయులు 4:14లోంచి ఇది చెక్కించు: "యేసునందు నిద్రించిన వారిని దేవుడాయనతోకూడ వెంటబెట్టుకొని వచ్చును." నిద్రా ఉంది, "ఆయనతో" కూడా ఉంది. అక్షరాలు ఎక్కువయ్యాయంటే చదువులు, ఉద్యోగం వివరాలు తీసేయించు, వాక్యం మాత్రం తగ్గించకు.

చెక్కే అతనికి కాగితం మీద నీ చేత్తో రాసివ్వు. ఎక్కడా కామా పెట్టకు.

అమ్మ