రెండో పేలుడు గురించి

చిరంజీవి శ్రావణికి, నాన్న ఆశీస్సులు.

వచ్చే వారం నాగపూర్‌లో మీకు ఉగ్రదాడుల మీద శిక్షణ మొదలవుతుందన్నావు. అప్పటి నుంచి మీ అమ్మకు ఒకటే టెన్షన్. "బాంబులకూ ఫైర్ వాళ్లకూ ఏం సంబంధం, పోలీసులు లేరా?" అంటోంది. ఇన్నేళ్లు ఈ ఉద్యోగం చేసిన నాకు తెలుసు, పోలీసులతో పాటే మన బండీ అక్కడికి చేరుతుంది.

ఏటా ఏప్రిల్ 14న మా స్టేషన్‌లో మౌనం పాటించడం చిన్నప్పుడు చూశావుగా. 1944లో ఆ రోజు బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ ఓడ అంటుకుంది. పత్తి బేళ్లతో పాటు అందులో పేలుడు సరుకూ ఉంది. మంట ఆర్పడానికి వెళ్లిన మనవాళ్లు 66 మంది తిరిగి రాలేదు. అది ప్రమాదం. దాడి చేసేవాడైతే మనల్ని దగ్గరికి రప్పించి మరీ చంపాలని చూస్తాడు. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్ల తర్వాత దిల్‌సుఖ్‌నగర్‌లో పేలని బాంబు ఇంకొకటి దొరికింది. 2013 ఫిబ్రవరిలో అదే దిల్‌సుఖ్‌నగర్‌లో మొదటిది పేలిన కొద్ది నిమిషాలకే, ఆ దగ్గర్లోనే రెండోది పేలింది.

అందుకే తల్లీ, ఒక పేలుడు జరిగిందంటే రెండోది నీ కోసం పెట్టారనుకునే బండి దిగు. బండిని దూరంగా, ముందు భాగం బయటికి ఉండేలా పెట్టించు. వదిలేసిన బ్యాగు, స్కూటరు, చెత్తడబ్బా ఏమైనా ఉన్నాయేమో చూశాకే హోస్ లాగండి. కేకలు వింటుంటే కాళ్లు ఆగవు, నాకు తెలుసు. ఆపుకోవాలి. పొగ లేకుండానే జనం దగ్గుతూ పడిపోతుంటే ఇంకా జాగ్రత్త. 1995లో టోక్యో మెట్రోలో సారిన్ అనే విషవాయువు వదిలినప్పుడు కాపాడటానికి వెళ్లినవాళ్లూ ఆ విషానికి జబ్బుపడ్డారు. గాలి ఎటు వీస్తుందో చూసి, దానికి ఎదురుగా కాకుండా గాలి వచ్చే వైపు నుంచే వెళ్లాలి. బీఏ సెట్ (వీపున గాలి సిలిండరు, ముఖానికి మాస్కు) వేసుకునేటప్పుడు నీ జుట్టు మొత్తం వెనక్కి బిగించి కట్టుకో. ఒక్క పోగు మాస్కు అంచు కింద చిక్కినా గాలి లీకవుతుంది. సిలిండరులో గాలి ఎంతుందో చెప్పే గేజ్ చూడకుండా ఎప్పుడూ లోపలికి అడుగు పెట్టకు.

నివారణ అంటే నిఘా వాళ్ల పని అని చాలామంది అనుకుంటారు. కానీ హోటలుకీ ఆసుపత్రికీ మాల్‌కీ ఎన్‌ఓసీ (అగ్నిమాపక అనుమతి పత్రం) తనిఖీకి వెళ్లేది మనమే. వెనక మెట్లకు తాళం ఉందా, సెల్లారును గోడౌన్ చేశారా అని చూసేది మనమే. 2008లో తాజ్ హోటల్లో లోపల కాల్పులు జరుగుతుంటే ముంబై ఫైర్ వాళ్లు నిచ్చెనలు వేసి కిటికీల నుంచి అతిథుల్ని దింపారు. ఏ కిటికీకి నిచ్చెన అందుతుందో ముందే తెలిస్తే అక్కడ ఎన్ని నిమిషాలు కలిసొస్తాయో ఆలోచించు. తనిఖీకి వెళ్లిన ప్రతి బిల్డింగుకూ చేత్తో మ్యాప్ గీసుకో.

2001లో న్యూయార్క్‌లో జంట టవర్ల మీద దాడి జరిగినప్పుడు 343 మంది ఫైర్ సిబ్బంది చనిపోయారు. బయటికి రమ్మన్న పిలుపు వైర్‌లెస్‌లో లోపల చాలామందికి అందనే లేదు. మీ మాక్ డ్రిల్‌కి పోలీసులు, బాంబ్ స్క్వాడ్, అంబులెన్సు వాళ్లు వస్తారో లేదో, ఎవరి వైర్‌లెస్ ఎవరికి వినిపిస్తుందో మీ సార్‌ని అడుగు. ఆయన ఏం చెప్పారో నాకు రాయి.

అమ్మ సున్నుండలు పంపుతోంది, నీ తోటివాళ్లకూ పెట్టు.

మీ నాన్న