సూర్యమిత్ర పిల్లల ఖర్చులకు చందా, ఆదివారం మీటింగ్

ఐటీఐ మిత్రులందరికీ నమస్కారం.

మన జూనియర్లు నలుగురు, సోలార్ ప్యానెళ్లు బిగించడం నేర్పే సూర్యమిత్ర కోర్సుకు అప్లై చేస్తామంటున్నారు. ముగ్గురు ఎలక్ట్రీషియన్లు, ఒకడు ఫిట్టర్.

2015లో మొదలైన ఈ కోర్సు 600 గంటలు, అంటే సుమారు మూడు నెలలు. శిక్షణ ఖర్చు కేంద్రానిదే. మరి చందా ఎందుకంటే, దారి ఖర్చులు, సేఫ్టీ షూ, వోల్టేజీ కొలిచే మల్టీమీటర్, వైరు కొసకు కనెక్టర్ పిన్ను నొక్కి బిగించే క్రింపింగ్ టూల్. పైగా ఆ మూడు నెలలూ ఇంటికి వచ్చే కూలి ఆగిపోతుంది. పిల్లలు వెనక్కి తగ్గేది అక్కడే.

"క్రింపింగ్ టూల్ సొంతంగా ఎందుకు అన్నా?" అని ఒకరు అడిగారు. పోయిన వేసవిలో మా వీధిలో ఒక మేడ మీద ఎవరో కటింగ్ ప్లేయర్‌తో నొక్కి వదిలేసిన ఎంసీ4 కనెక్టర్ (సోలార్ ప్యానెల్ వైర్లను కలిపేది) వేడికి కరిగి నల్లటి ముద్దయింది. ప్యానెల్‌ది డీసీ కరెంటు. మెయిన్ ఆపినా ఎండ ఉన్నంతసేపూ ప్యానెల్ వైర్లలో వోల్టేజీ ఉంటుంది. చూసి నేర్చుకునే పని కాదిది.

2024లో వచ్చిన పీఎం సూర్య ఘర్ పథకం లక్ష్యమే కోటి ఇళ్ల మీద సోలార్. పనికి కొదవ లేదు.

ఆదివారం సాయంత్రం 5కి, ఐటీఐ గేటు పక్క టీ కొట్టు దగ్గర.
తలా 500. ఎక్కువిస్తే వద్దనం.
శనివారం లోపు ఇక్కడ పేరు పెట్టండి.
పాత మల్టీమీటర్ పనిచేస్తుంటే తెండి, బ్యాటరీ వేసి మరీ!

అప్లై చేసే తమ్ముళ్లూ, పదో తరగతి మెమో, ఐటీఐ సర్టిఫికెట్, ఆధార్ జిరాక్స్‌లు మర్చిపోవద్దు. పోయినసారిలా "ఇంట్లో ఉంది అన్నా" అనొద్దు.