మిగిలిన రెండేళ్ల ఆర్టికల్‌షిప్‌నైనా నిజంగా జరగనివ్వండి

సంపాదకులకు,

సీఏ ఫలితాలు వెలువడిన మరునాడు ర్యాంకుల ప్రకటనలతో పత్రికల పేజీలు నిండిపోతాయి. ఆ ఫొటోల్లోని పిల్లల కష్టాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే ఆ ప్రకటనల్లో గాని, వాటిని చూసి పిల్లలను ఎంఈసీలో చేర్పించే తల్లిదండ్రుల మాటల్లో గాని, సీఏ ఆఫీసులో పనిచేస్తూ నేర్చుకునే తప్పనిసరి శిక్షణ అయిన ఆర్టికల్‌షిప్ ఊసు వినిపించదు. గుంటూరులో ముప్పయ్యేళ్లుగా ఆడిట్ ప్రాక్టీసు చేస్తున్నవాడిగా ఆ సంగతే రాయదలచుకున్నాను.

2023 జూలైలో సీఏ కోర్సు నడిపే సంస్థ ఐసీఏఐ ప్రవేశపెట్టిన కొత్త విధానం ఆర్టికల్‌షిప్‌ను మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గించింది. సీఏ ఇంటర్‌లో రెండు గ్రూపులూ గట్టెక్కాకే శిక్షణలో చేరాలి. అది ముగిశాక ఆరు నెలలు చదువుకుని ఫైనల్ రాయాలి. ఇందులో మంచి లేకపోలేదు. ఒక గ్రూపు మిగిలిపోయి, ఓచర్ల కట్టల మధ్య పుస్తకం దాచుకుని చదివే అవస్థ పిల్లలకు తప్పింది. కానీ మొదటి ఏడాది ఏ ఆర్టికల్ (ఈ శిక్షణలో ఉన్న విద్యార్థి) అయినా సీనియర్ చూపిన చోట టిక్కు పెడతాడు, రెండో ఏడాది ఆ టిక్కు ఎందుకు పెడుతున్నాడో గ్రహిస్తాడు, మూడో ఏడాది కొత్తగా చేరినవాడికి నేర్పబోయి తనకు రానిదేమిటో తెలుసుకుంటాడు. ఇప్పుడు పోయింది ఆ మూడో ఏడాదే.

పోనీ మిగిలిన రెండేళ్లయినా దక్కుతున్నాయా అంటే, అదీ అందరికీ లేదు. పేరు ఒక ఆఫీసు రిజిస్టరులో, మనిషి కోచింగ్ హాస్టల్లో ఉండే డమ్మీ ఆర్టికల్‌షిప్ నిబంధనలకు విరుద్ధమని తెలియనివారు మా వృత్తిలో లేరు. అయినా సాగుతూనే ఉంది. రోజూ ఆఫీసుకు వచ్చేవారిలోనూ కొందరికి నెలంతా కొనుగోళ్ల రిజిస్టరును జీఎస్టీ పోర్టల్‌లో వచ్చే కొనుగోళ్ల పట్టిక 2బీతో సరిచూడటం, 20వ తేదీలోపు నెలవారీ రిటర్ను 3బీ దాఖలు చేయడంతోనే సరిపోతుంది. అది పనికిమాలిన పనని అనను. కానీ అదొక్కటే రెండేళ్లు చేసినవాడు ఒక కంపెనీ లెక్కలను మొదటి నుంచి చివరి దాకా చూసే అవకాశం లేకుండానే బయటికి వెళతాడు.

నేను ఆర్టికల్‌గా ఉన్న రోజుల్లో మా ప్రిన్సిపాల్‌గారు (నాకు శిక్షణ ఇచ్చిన సీఏ) ఒక మిర్చి వ్యాపారి సరుకు నిల్వలు చూసి రమ్మని నన్ను కోల్డ్ స్టోరేజీకి పంపారు. అక్కడి గుమాస్తా చూపిన రిజిస్టరులోని అంకె రాసుకుని గంటలో తిరిగొచ్చాను. "ఏమయ్యా, బస్తాలు లెక్కపెట్టొచ్చావా, పుస్తకం లెక్కపెట్టొచ్చావా?" అని ఆయన మళ్లీ పంపారు. చలికి వణుకుతూ సాయంత్రం దాకా లెక్కపెడితే సంఖ్య సరిపోయింది గాని, కొన్ని వరుసల్లోని బస్తాల మీద వేరేవారి మార్కులు ఉన్నాయి. సరుకు ఉండటం వేరు, అది మన క్లయింటుది కావడం వేరు అన్న పాఠం నేను అప్పటికే పుస్తకంలో చదివి, పరీక్షలో రాసి, మార్కులు కూడా తెచ్చుకున్నాను. అది నాకు వంటబట్టింది మాత్రం ఆ సాయంత్రమే.

ఇది పాతకాలపు మిర్చి బస్తాల ముచ్చట అనుకునేవారు 2009 జనవరి 7ను గుర్తుచేసుకోవాలి. సత్యం కంప్యూటర్స్ లెక్కల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనేలేవని ఆ రోజు ఛైర్మన్ రాసిన లేఖతో హైదరాబాద్ నివ్వెరపోయింది. బ్యాంకు నిల్వల ధ్రువీకరణను క్లయింటు చేతుల మీదుగా కాక, ఆడిటరు తానే బ్యాంకుకు రాసి నేరుగా తెప్పించుకోవాలన్నది ప్రతి సీఏ విద్యార్థీ చదివే పాఠమే. చదివినదాన్ని, ఎదురుగా కాఫీ ఇచ్చి కూర్చోబెట్టిన పెద్దమనిషి నొచ్చుకుంటాడని తెలిసి కూడా, అమలు చేయడం మాత్రం ఎవరో ఒకరు పక్కన నిలబడి చేసి చూపిస్తే తప్ప రాదు. 2023 ఏప్రిల్ నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఏ పద్దు ఎప్పుడు మార్చారో నమోదయ్యే ఎడిట్ లాగ్ తప్పనిసరి అయింది. అందులో మార్చి 31 దాటాక వెనక్కి వెళ్లి దిద్దిన పద్దును పట్టుకోవడం కూడా అలా అబ్బవలసిన విద్యే.

తప్పు పిల్లలదే అనడం సులువు. వృత్తిలో ఉన్న మేము మూడేళ్లలో 120 గంటల నిరంతర విద్య పూర్తిచేయాలి గదా. సదస్సులో సంతకం పెట్టి భోజనాల వేళకు కనిపించకుండాపోయే సీనియర్లను చూసిన కుర్రాడికి హాజరు పట్టీ మీద గౌరవం ఎలా కలుగుతుంది?

కాబట్టి ఐసీఏఐకి నా విన్నపం ఇది. ఆర్టికల్ హాజరును, అతను చేసినట్లు చూపిన పనిని, ఆడిట్‌లో ఏం చూశారో రాసిపెట్టే ఆ ఆఫీసు వర్కింగ్ పేపర్లతో అప్పుడప్పుడైనా సరిపోల్చి చూడాలి. పనిచేసినవారు ఆ కాగితం మీద సంతకం పెట్టడం మా వృత్తిలో ఆనవాయితీ గనుక, ఆఫీసుకు రాని ఆర్టికల్ ఎవరో ఒక్క పూటలో తేలిపోతుంది. తల్లిదండ్రులు కూడా కోచింగ్ సెంటరును ఎంచుకునేటప్పుడు పెట్టే శ్రద్ధలో సగమైనా ఆర్టికల్‌షిప్ ఆఫీసు మీద పెట్టి, తమ పిల్లవాడిని అక్కడ ఏయే ఆడిట్లకు పంపుతారో చేర్చకముందే అడగాలి.

ఇట్లు,
ఒక చార్టర్డ్ అకౌంటెంట్,
గుంటూరు