ఆ ఏడు వేల రంపం మిషన్ ఇక మా షాపులో ఉండదు

నవంబర్ నుంచి మా దగ్గర 58 సీసీ పెట్రోల్ రంపం మిషన్ కొన్న 27 మందికి ముందుగా ఒక మాట. మీ మిషన్ బాగానే నడుస్తున్నా సరే, ఒకసారి టంగుటూరు షాపుకు తీసుకురండి. లోపల చైన్‌కి ఆయిల్ అందించే పంపును తిప్పే చిన్న గేరు ఒకటి మార్చాలి. సామానుకు గానీ, కూలికి గానీ రూపాయి తీసుకోను. అది మార్చేదాకా దాంతో కోత పెట్టొద్దు.

ఇక జరిగింది చెప్తాను. కొంచెం పొడుగైనా చదవండి.

2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుఫాను తీరం దాటింది. తెల్లారినప్పటి నుంచి ఫోన్లే ఫోన్లు. ఒకరికి దొడ్లో వేపచెట్టు రేకుల షెడ్డు మీద పడింది. ఇంకొకరికి చేను గట్టు మీద తుమ్మ కూలి దారి మూసేసింది. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ బాపట్ల దగ్గర దాటినప్పుడు కూడా ఇలాగే అడిగారు. అప్పుడు నా దగ్గర ఆరే మిషన్లున్నాయి. రెండు రోజుల్లో అయిపోయి, బాగా తెలిసినవాళ్ళను కూడా వట్టి చేతులతో పంపాను. ఈసారి అలా కాకూడదని, ఆరేళ్ళుగా మాకు సరుకు వేస్తున్న డిస్ట్రిబ్యూటర్‌కి ఒకేసారి 40 మిషన్లకు డబ్బు కట్టాను. అదే రంగు, అదే అట్టపెట్టె, అదే 22 అంగుళాల బార్, అంటే చైన్ తిరిగే పొడుగు పట్టీ. రెండు మిషన్లు స్టార్ట్ చేసి చూశాను, లాగగానే అందుకున్నాయి. ఒక్కటి కూడా లోపల విప్పి చూడలేదు. నా తప్పు అక్కడే ఉంది.

డిసెంబర్ రెండో వారంలో మొదటిది వెనక్కి వచ్చింది. బార్ నీలంగా కమిలిపోయి, చైన్ జారి వేలాడుతోంది. ఆయిల్ ట్యాంకు మాత్రం నిండుగా ఉంది. అంటే ఆయిల్ ట్యాంకు దాటి బార్ దాకా రావడమే లేదు. క్లచ్ ఊడదీస్తే దాని వెనక గేరు కరిగి ముద్దయి కనిపించింది. పాత మిషన్లలో అది లోహపు గేరు. ఈ లోడులో వచ్చింది ప్లాస్టిక్. క్లచ్‌కి ఆనుకునే ఉంటుంది కాబట్టి, లావు మొద్దు మీద కాసేపు నొక్కి కోస్తే ఆ వేడికే మెత్తబడిపోతుంది. ఆయిల్ ఆగిన సంగతి కోసేవాడికి తెలిసేలోపు బార్, చైన్ రెండూ మాడతాయి.

సంక్రాంతి లోపు మొత్తం 11 వచ్చాయి. తొమ్మిదింటిలో ఇదే గేరు. మిగిలిన రెండూ పెట్రోల్‌లో ఆయిల్ కలపకుండా నడిపి పిస్టన్ పట్టేసినవి, ఆ ఇద్దరూ ఆ మాట ఒప్పుకున్నారు. అనుమానం తీరక ఒక ఇంజన్ పూర్తిగా విప్పి వెర్నియర్ పెట్టి కొలిచాను. బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 45 మిల్లీమీటర్లు. స్ట్రోక్, అంటే పిస్టన్ కదిలే దూరం, 32. లెక్క కడితే 51 సీసీ కూడా నిండా రాదు. స్టిక్కర్ మీద మాత్రం 58.

డిస్ట్రిబ్యూటర్‌కి ఫోన్ చేస్తే వచ్చిన జవాబు ఇది: "మీ రైతులకు ఆయిల్ కలపడం రాదు, దానికి మేమేం చేస్తాం?"

ఈ మాట నేను మర్చిపోలేను. మా షాపులో మిషన్ కొన్న ఎవరినైనా అడగండి. లీటరు పెట్రోల్‌కి 40 మిల్లీ లీటర్ల టూ స్ట్రోక్ ఆయిల్ ఎలా కలపాలో కళ్ళ ముందు కలిపి చూపించకుండా ఎవరినీ పంపలేదు. సీసా మీద ఎర్ర పెయింట్‌తో గీత గీసి మరీ ఇస్తాను. పైగా ఆ గేరు కరగడానికీ పెట్రోల్‌లో కలిపే ఆయిల్‌కీ సంబంధమే లేదు. బార్ ఆయిల్ ట్యాంకు వేరు, దాని పంపు వేరు. ఆరేళ్ళుగా ఇవే మిషన్లు అమ్ముతున్నవాడికి ఇది తెలియక కాదు. తొమ్మిది గేర్ల ఫొటోలు పంపాను. చూశాడు, జవాబివ్వలేదు. నాలుగు రోజుల తర్వాత ఫోన్ చేసి, మిగిలినవి ఐదొందలు తగ్గించి అమ్మేసెయ్, వచ్చే లోడులో సర్దుతాం అన్నాడు. అంటే నాకు నష్టం రాకుండా మీకు అంటగట్టమని. ఆ రోజే ఖాతా మూసేశాను. మిగిలిన 13 మిషన్లు అటక మీద ఉన్నాయి. ఒక్కోటి 5,200 చొప్పున 67,600 రూపాయలు. వాటిని తగ్గించి కాదు కదా, ఊరికే కూడా ఎవరికీ ఇవ్వను. బార్లు, చైన్లు ఊడదీసి, మీలో ఎవరికి మాడిపోయి ఉంటే వాళ్ళకు వేస్తాను. లోహపు గేర్లు వేరేచోట కొని తెప్పించాను, 27 మందికీ సరిపడా ఉన్నాయి.

కొండపి వైపు నుంచి వచ్చే ఒక పెద్దాయన మా నాన్న కాలం నుంచి మా దగ్గరే సామాను కొంటారు. మిషన్ తెచ్చి బల్ల మీద పెట్టి, "మీ నాన్న ఉంటే ఇది అమ్మేవాడా అబ్బాయ్?" అన్నారు. కోపంగా కూడా అనలేదు. టీ తాగమంటే తాగి వెళ్ళారు. ఆయనకు ఆ రోజు నేను జవాబు చెప్పలేకపోయాను. ఇది ఆయన కూడా చదవాలనే రాస్తున్నాను.

గేరు సంగతి ఒక పూటలో తేలిపోయింది. పది రోజులు నిద్ర పట్టనివ్వనిది, అసలు ఈ ఏడు వేల మిషన్ ఇకమీదట ఉంచాలా, తీసేయాలా అన్నది. ఇంకో ఇద్దరు డిస్ట్రిబ్యూటర్లు ఇదే రకం ఇస్తామన్నారు. గేరు లోహందే అన్నారు. కానీ పేరు లేని మిషన్‌లో ఈ లోడుకు ఒకటి, పై లోడుకు ఒకటి మార్చేస్తే అడిగేవాడెవడు? ఈసారి గేరు, వచ్చేసారి క్రాంక్ బేరింగో, చైన్ బ్రేకో కావచ్చు. చైన్ బ్రేకే నాసిరకం వస్తే పోయేది బార్ కాదు, మనిషి. ప్రతి మిషన్‌నూ విప్పి చూసి అమ్మడం నా ఒక్కడి వల్ల అయ్యే పని కాదు.

తీసేద్దామని అనుకున్న రోజే మర్రిపూడి వైపు నుంచి ఒక తమ్ముడు వచ్చాడు. సుబాబుల్, జామాయిల్ కోతలకు కూలికి పోతాడు. "అన్నా, ఏడు వేలది తీసేస్తే నాబోటివాడు మళ్ళీ గొడ్డలి పట్టుకోవాలి. కంపెనీ మిషన్‌కి పదహారు వేలు ఎక్కడి నుంచి తేను?" అన్నాడు. అతను చెప్పింది నిజం. మూడేళ్ళ కిందట కొన్న ఏడు వేల మిషన్ మీద ఇల్లు నడుపుకున్నవాడతను. ఆ మిషన్ మంచిది కూడా, పాత లోడుది. ఆ రాత్రి లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాను. తీసేస్తే అతనిలాంటివాళ్ళు ఒంగోలులోనో, ఆన్‌లైన్‌లోనో అదే నాసిరకం కొంటారు. బాగుచేయించుకోవడానికి మళ్ళీ నా దగ్గరికే తెస్తారు. మరి నేను తీసేసి ఎవరికి మేలు చేసినట్టు? ఉంచితే పెద్దాయన అడిగిన మాటకు జవాబేది? మా ఆవిడ ఒకటే అడిగింది: మన బావమరిదికి అమ్ముతావా ఇది? అమ్మను అన్నాను. అక్కడికి తేలిపోయింది.

అందుకే 58 సీసీ తీసేశాను. పక్క బజారులో దొరుకుతోంది కదా అని ఎవరు అడిగినా ఇదే మాట. కూలికి కోతకు పోయేవాళ్ళకు, నాకు తెలిసినవాళ్ళకు, పేరున్న కంపెనీ 38 సీసీ మిషన్ 16,500ది సగం డబ్బు కడితే ఇస్తాను. మిగతాది మూడు నెలల్లో కట్టండి, వడ్డీ లేదు. మర్రిపూడి తమ్ముడు మొదటిది తీసుకెళ్ళాడు. అద్దెకు మాత్రం ఇవ్వను, దయచేసి అడగొద్దు. అలవాటు లేని చేతికి ఒక పూటకు రంపం ఇచ్చి పంపడం నా వల్ల కాదు.

ఇంట్లోకి కట్టెలు కోసుకునేవాళ్ళు, అంటే స్నానాల నీళ్ళ పొయ్యికో, పిండివంటలప్పుడో, దొడ్లో కొట్టేసిన కొమ్మలకో వాడేవాళ్ళు, పెట్రోల్ మిషన్ జోలికే పోవద్దని నా సలహా. ఇది ముందే చెప్పాల్సింది. ఏడాదికి నాలుగుసార్లు తీసే పెట్రోల్ మిషన్ కార్బురేటర్ దగ్గరే చస్తుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది తేమ పీల్చుకుంటుంది. ట్యాంకులో రెండు నెలలు ఉంచితే కార్బురేటర్ లోపలి పొర బిర్రబిగుసుకుపోయి మిషన్ అందుకోదు. వీళ్ళకు 2,000 వాట్ల కరెంటు రంపం, 16 అంగుళాల బార్‌తో, 6,800కి పెట్టాను. ఆయిల్ కలపక్కర్లేదు, తాడు లాగక్కర్లేదు. దీనికీ బార్ ఆయిల్ మాత్రం పోయాలి. ఇంకో జాగ్రత్త, ఇది దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. ఫ్యాన్ ప్లగ్గుకు పెట్టొద్దు. గీజర్‌కి వాడే 16 ఆంపియర్ల ప్లగ్గు, 2.5 స్క్వేర్ ఎంఎం వైరు ఉండాలి. సన్న వైరు పాతిక మీటర్లు లాగితే వోల్టేజీ పడిపోయి మోటారు కాలుతుంది. తీగ మీ వెనకవైపు, కోతకు దూరంగా ఉండేలా చూసుకోండి. కరెంటు అందని చేను దగ్గర కోసుకునేవాళ్ళకైతే 38 సీసీ పెట్రోల్ మిషనే. పని అయ్యాక పెట్రోల్ తీసేసి, ఉన్నదంతా తాగి ఆగేదాకా నడిపి అప్పుడు లోపల పెట్టండి.

చాలామంది సీసీ ఎక్కువ, బార్ పొడుగు ఉంటే మంచి మిషన్ అనుకుంటారు. అడిగారు కదా అని నేనూ ఇన్నాళ్ళు అదే ఇచ్చాను. మన ఇళ్ళలో కోసేది తుమ్మ, సర్కారు తుమ్మ, వేప, సుబాబుల్. తొమ్మిది, పది అంగుళాల లావు దాటేవి తక్కువ. వాటికి 16 అంగుళాల బార్ చాలు. ఇంజన్‌కి మించి బార్ పొడుగుంటే చైన్ ఈడ్చుకుపోతుంది. పైగా పొడుగు బార్ కొస అవతల ఏ కొమ్మకో తగులుతుంది. బార్ కొస పైభాగం దేనికైనా తగిలితే మిషన్ ఎగిరి మొహం మీదికి వస్తుంది. చైన్ బ్రేక్ ఉండేది ఆ క్షణం కోసమే. మిషన్ ఎక్కడ కొన్నా, చైన్ తిరుగుతుండగా ముందున్న గార్డును తోసి చూపించమనండి. అక్కడికక్కడే చైన్ ఆగాలి. ఆగకపోతే కొనొద్దు. తర్వాత బార్ కొసను ఒక అట్టముక్క ముందు పట్టి రేస్ చేయించండి, కాసేపట్లో అట్ట మీద ఆయిల్ చారలు పడాలి. నవంబర్‌లో నేను ప్రతి మిషన్‌కూ ఇది చేయించి ఉండాల్సింది. ఇకపై మీ ముందే చేసి చూపించి, ఆ అట్టముక్క కూడా మీకే ఇస్తాను.

చైన్ సానబెట్టే ఆకురాయి సైజు కూడా మారుతుంది. పాత 58కి 4.8 మిల్లీమీటర్లది, ఈ కొత్త రెండింటికీ 4 మిల్లీమీటర్లది. పాతది దీనికి వాడితే పళ్ళు పాడవుతాయి. కోసినప్పుడు పొట్టు ముక్కలుగా రాకుండా పిండిలా రాలుతుంటే పళ్ళు మొద్దుబారినట్టే. సముద్రం వైపు ఊళ్ళలో సరుగుడు మొద్దులకు ఇసుక పట్టి ఉంటుంది, కోసేముందు దులుపుకోండి. లుంగీతో, మెడలో తువ్వాలుతో మిషన్ పట్టుకోవద్దు. కళ్ళద్దాలు నేను మిషన్‌తో పాటే ఇస్తున్నాను, పెట్టుకోండి.

పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లకు కట్టెలు కోసేవాళ్ళ లెక్క వేరు. రోజంతా నడిచే పని కాబట్టి నిజంగా 50 సీసీ పైన ఉన్న కంపెనీ మిషన్ కావాలి. అది ఆర్డర్ మీద తెప్పిస్తాను, వచ్చి మాట్లాడండి.

27 మందిలో ఇంకా రాని 16 మందికి బిల్లు పుస్తకం చూసి ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తున్నాను. కొన్ని నంబర్లు కలవడం లేదు. మీ చుట్టుపక్కల ఎవరైనా మా దగ్గర కొని ఉంటే ఈ మాట చెప్పండి. మిషన్ వద్దు, డబ్బే కావాలంటే అదీ ఇస్తాను, బిల్లు పోయినా ఫర్వాలేదు, నా పుస్తకంలో ఉంది. ఉగాది దాకా ఆదివారాలు కూడా మధ్యాహ్నం వరకు షాపు తీసే ఉంచుతాను. బండి మీద తెచ్చేటప్పుడు ట్యాంకులో పెట్రోల్ తీసేసి, బార్‌కి తొడుగు వేసి తీసుకురండి.