ఐదో తరగతి నోటుబుక్కుల్లో 98 ఎందుకుంది?

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

వారం రోజులుగా గేటు దగ్గరా వాట్సాప్ గ్రూపుల్లోనూ మీరు మాట్లాడుకుంటున్నది ఐదో తరగతి సైన్స్ యూనిట్ టెస్ట్ గురించే కాబట్టి, ఈ నెల ముందుగా ఆ సంగతే రాస్తున్నాను. ఆరో ప్రశ్న ఇది: "మన తరగతి గదిలో నీళ్ళు ఎన్ని డిగ్రీల దగ్గర మరిగాయి?" 98 అని రాసినవాళ్ళకు మార్కు పడింది, 100 అని రాసినవాళ్ళకు పడలేదు. పుస్తకంలో ఉన్నదే రాస్తే తప్పెలా అవుతుందని చాలామంది అడిగారు. ఇద్దరు తల్లులూ ఒక తండ్రీ నేరుగా నా గదికే వచ్చి అడిగారు, అందుకు సంతోషం. ప్రశ్నలో "మన తరగతి గదిలో" అని ఉంది. టీచర్ దిద్దింది సరిగ్గానే దిద్దారు. మార్కులు మారవు.

పుస్తకంలోని 100 డిగ్రీలు సముద్రమట్టం దగ్గరి లెక్క. మన ఊరు దానికి 500 మీటర్లకు పైనే ఉంది. హుస్సేన్ సాగర్ పూర్తిస్థాయి నీటిమట్టం 513.41 మీటర్లని వానాకాలంలో పేపర్లో చూస్తుంటాం కదా, అది చెరువు లోతు కాదు, సముద్రమట్టం నుంచి ఎత్తు. పైకి వెళ్ళేకొద్దీ మన మీద ఉండే గాలి తగ్గుతుంది, దాని ఒత్తిడీ తగ్గుతుంది. నీళ్ళు మరగాలంటే లోపల పుట్టే ఆవిరి బుడగలు ఆ ఒత్తిడికి తట్టుకుని నిలవాలి. ఒత్తిడి తక్కువగా ఉన్నచోట తక్కువ వేడికే నిలుస్తాయి. సుమారుగా 300 మీటర్లకు ఒక డిగ్రీ తగ్గుతుందనుకోవచ్చు. ప్రెషర్ కుక్కర్‌లో దీనికి సరిగ్గా వ్యతిరేకంగా జరుగుతుంది. మూత బిగించాక లోపల ఒత్తిడి పెరిగి నీళ్ళు 120 డిగ్రీల దాకా వేడెక్కుతాయి, అందుకే కందిపప్పు అంత త్వరగా ఉడుకుతుంది. 1742లో ఈ డిగ్రీల కొలతను ప్రతిపాదించిన సెల్సియస్‌కే, గాలి ఒత్తిడిని బట్టి నీళ్ళు మరిగే వేడి మారుతుందని తెలుసు.

ఆ రోజు తరగతిలో జరిగింది కూడా మీకు తెలియాలి. దసరా సెలవులకు ముందు సంగతి. టీచర్ బల్ల మీద ఇండక్షన్ స్టవ్, దాని మీద మూత లేని గిన్నె. పిల్లలంతా సుద్దముక్కతో గీసిన గీతకు ఇవతలే ఉన్నారు. థర్మామీటర్ మొన గిన్నెలో ఉంటే, వైరు చివర అంకెలు కనిపించే డబ్బా మాత్రం పిల్లల బెంచీ మీద ఉంది. వేడి నీళ్ళ దగ్గరికి ఒక్కరినీ వెళ్ళనివ్వలేదు, ఆ టెన్షన్ పెట్టుకోకండి. అందరూ 100 కోసమే చూస్తున్నారు. నీళ్ళు తెర్లుతున్నాయి గానీ అంకె 98 దాటట్లేదు. టీచర్ స్టవ్ పెంచారు. అయినా కదల్లేదు. "నీళ్ళు తొందరగా ఆవిరైపోతున్నాయి తప్ప వేడి పెరగట్లేదు మేడమ్" అని ఒక అబ్బాయి గట్టిగా అన్నాడు. పదేళ్ళ వాడు, తనంతట తాను పట్టుకున్నాడు! నీళ్ళు మరిగాక మంట పెంచితే గ్యాస్ ఖర్చే ఎక్కువని వాడు ఇంట్లో అమ్మకు కూడా చెప్పాడట.

మూడు గ్రూపులు విడివిడిగా చూసి రాసుకున్నవి 98.1, 98.3, 98.2. అప్పుడు బి సెక్షన్ అమ్మాయి ఒకతి లేచి, "థర్మామీటరే తప్పు చూపిస్తోందేమో మేడమ్" అంది. ఇరవై ఆరేళ్ళుగా ఈ వృత్తిలో ఉన్నాను, ఇంతకంటే మంచి ప్రశ్న తరగతి గదిలో చాలా తక్కువసార్లు విన్నాను. టీచర్ జవాబు చెప్పలేదు. క్యాంటీన్ నుంచి ఐసు తెప్పించి, కరుగుతున్న ఐసులో థర్మామీటర్ పెట్టించారు. 0.1 చూపించింది. అంటే థర్మామీటర్ బాగానే ఉందన్నమాట. ఇంకొక అబ్బాయి దాన్ని రిజిస్టర్లో సంతకం పెట్టి దసరాకు విశాఖపట్నం తీసుకెళ్ళాడు. బీచ్‌కు దగ్గర్లో ఉన్న అమ్మమ్మగారింట్లో ఆవిడే పొయ్యి దగ్గర నిలబడి నీళ్ళు కాచారు. 99.8 వచ్చింది. వాడు ఊరు పేరు, తేదీ, టైము అన్నీ రాసుకొచ్చి అసెంబ్లీలో చదివాడు. ఆ అమ్మమ్మగారికి పాఠశాల తరఫున నా నమస్కారాలు.

చిన్నపిల్లలకు సైన్స్ అంటే ఇదే అని నేను గట్టిగా నమ్ముతాను. నిర్వచనాలు తర్వాతైనా వస్తాయి. కళ్ళతో చూసింది చూసినట్టు రాయడం ఈ వయసులో అలవాటు కాకపోతే తర్వాత నేర్పడం చాలా కష్టం. అందరూ 100 అంటున్నా నాకు 98 కనిపించింది అని రాయడానికి పిల్లకు ధైర్యం కావాలి. ఆ ధైర్యాన్ని మేమూ మీరూ కలిసి కాపాడాలి. దీనికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. ఎండాకాలంలో రంజన్‌లో, అంటే మట్టికుండలో, నీళ్ళు ఎందుకు చల్లగా ఉంటాయి? వాన పడే రోజుల్లో అంత చల్లబడవెందుకు? అన్నం గిన్నె మూత కింద చెమట ఎక్కడి నుంచి వచ్చింది? ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా బయట తడెందుకు? ఇవన్నీ మీ ఇంట్లోనే ఉన్నాయి.

ఇది రాయడం నాకు ఇష్టం లేదు, కానీ రాయక తప్పదు. టెస్ట్ తర్వాత తెప్పించి చూస్తే, పదకొండు నోటుబుక్కుల్లో పిల్లలు రాసిన 98ని కొట్టేసి పైన పెన్నుతో 100 అని దిద్ది ఉంది. పెద్దవాళ్ళ చేతిరాత మాకు తెలుస్తుంది. ప్రేమతోనే దిద్దారని నాకు తెలుసు. కానీ ఆ 98 మీ అమ్మాయి స్వయంగా చూసి రాసింది. అది తప్పేమోనని అనిపిస్తే దయచేసి "ఎలా చూశావమ్మా?" అని అడగండి, కొట్టేయకండి. పోయిన నెల ఎగ్జిబిషన్‌కు వచ్చిన థర్మోకోల్ మోడళ్ళలో చాలావరకు దుకాణంలో కొన్నవే. తెచ్చిన పిల్లలు వాటి గురించి ఒక్క మాట చెప్పలేక తల దించుకున్నారు. అది చూసి నాకు బాధేసింది. వచ్చే ఏడాది నుంచి కొన్న మోడళ్ళు తీసుకోం.

మిగతా విషయాలు: ఫీజు చివరి తేదీ 10, రెండో శనివారం సెలవు, పొద్దున చలిగా ఉంది కాబట్టి స్వెటర్ మీద పేరు కుట్టి పంపండి.

జనవరి చివర్లో నాలుగు, ఐదు తరగతుల పిల్లల్ని గోల్కొండకు తీసుకెళ్తున్నాం. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు దూరంలో, కోట పైభాగాన ఉన్న బాలా హిస్సార్ మీద వినిపిస్తుందని అందరూ చెప్పేదే. ఈసారి మన పిల్లలే కింద కొందరు, పైన కొందరు నిలబడి వింటారు. శబ్దానికి కిలోమీటరు రావడానికి సుమారు మూడు సెకన్లు పడుతుంది. స్టాప్‌వాచ్‌తో ఎంత వస్తుందో పిల్లలే చూస్తారు. దయచేసి ముందే ఇంట్లో జవాబు చెప్పి పంపకండి.

థర్మామీటర్లు ఇప్పుడు నాలుగున్నాయి. సంక్రాంతికి ఊరెళ్ళేవాళ్ళు ఆఫీసులో రిజిస్టర్‌లో రాసి తీసుకెళ్ళవచ్చు. పొయ్యి దగ్గర పెద్దవాళ్ళే ఉండాలి, అంకె చూసి రాసేది మాత్రం పిల్లలే. ఊరి పేరు కూడా రాయించండి. వరంగల్, కాకినాడ, అరకు, ఎక్కడిదైనా సరే, వచ్చిన అంకెలన్నీ ఐదో తరగతి గోడ మీది మ్యాపులో పెడతాం.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు