గిటార్‌కూ పిళ్లారి గీతాలు కావాలి

సంపాదకులకు,

వేసవి సెలవులు వచ్చాయంటే కూకట్‌పల్లి నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా నగరంలోని గిటార్ తరగతులు నిండిపోతాయి. బడులు తెరిచిన కొద్ది వారాలకే ఆ గిటార్లలో చాలావరకు బీరువాల మీదికి చేరతాయి. పిల్లలకు శ్రద్ధ లేదని తల్లిదండ్రులు, సాధన లేదని గురువులు అంటుంటారు గానీ, చాలాకాలంగా గిటార్ నేర్పుతున్న నాకు తోచే కారణం వేరు. మొదట ఇచ్చే పాట ఆ పిల్లల వేళ్లకు తగినది కావడం లేదు.

కర్ణాటక సంగీతంలో ఈ చిక్కు లేదు. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు పూర్తయ్యాక మలహరి రాగంలోని పిళ్లారి గీతాలనే తేలికపాటి తొలి పాటలు వస్తాయి. వాటిలో సంగతులు (ఒకే పాదాన్ని రకరకాలుగా మార్చి పాడడం) ఉండవు, నడక మొదటినుంచి చివరిదాకా ఒకే తీరున సాగుతుంది. వర్ణాలు, కృతులు ఆ తర్వాతి మాట. మొదటి నెలలోనే పంచరత్న కీర్తన నేర్పమని రాంకోఠి సంగీత కళాశాలకు వెళ్లి ఎవరూ అడగరు. గిటార్ విషయంలో మాత్రం ఆ వారం ఊరంతా మోగుతున్న సినిమా పాటే కావాలంటారు, దాన్నే బడి వార్షికోత్సవంలో వాయించాలంటారు. కాదంటే విద్యార్థి పక్క వీధి తరగతికి వెళ్లిపోతాడని గురువులూ సరేనంటారు.

నెమ్మదిగా సాగే పాటే సులువైనదన్న అభిప్రాయం సరికాదు. నెమ్మదిగా సాగుతూనే రెండు మూడు మాటలకొకసారి కార్డ్ (కొన్ని స్వరాలు ఒక్కసారే మోగేలా తీగల మీద వేళ్లు ఉంచే పట్టు) మారే పాట కన్నా, రెండే కార్డ్‌ల మీద వేగంగా నడిచే జానపదం నయం. పాటలో ఎన్ని కార్డ్‌లు ఉన్నాయన్నదాంతో పాటు, ఏ కార్డ్ నుంచి ఏ కార్డ్‌కు వెళ్లాలన్నదీ చూడాలి. ఎ మైనర్ నుంచి సి మేజర్‌కు వెళ్లేటప్పుడు చూపుడు వేలు, మధ్య వేలు ఉన్నచోటే ఉంటాయి, ఉంగరపు వేలొక్కటే కదులుతుంది. ఇ మేజర్ పట్టును ఉన్నదున్నట్టుగా సన్న తీగల వైపు ఒక తీగ జరిపితే ఎ మైనర్ అవుతుంది. ఇ మైనర్‌కైతే రెండు వేళ్లు చాలు. అదే ఎఫ్ మేజర్‌ను పూర్తిగా పట్టాలంటే చూపుడు వేలితో 6 తీగలనూ అడ్డంగా అదిమి ఉంచాలి. పెద్దవాళ్లకే చెయ్యి నొప్పెట్టే ఆ పట్టును 10 ఏళ్ల పిల్లకు రెండో వారంలో ఇస్తే, ఆ పిల్ల గిటార్‌ను పక్కన పెట్టడంలో వింతేముంది?

శ్రుతి సంగతీ ఇలాంటిదే. సినిమా పాట దాన్ని పాడిన గాయకుల గొంతుకు కుదిరిన శ్రుతిలో ఉంటుంది. అది ఇ ఫ్లాట్ అయితే, మొదటి మెట్టు (ఫ్రెట్) మీద కేపో, అంటే తీగలన్నిటినీ అడ్డంగా అదిమి ఉంచే బిగింపు, పెట్టి తేలికైన డి, జి, ఎ పట్లు వాయిస్తే అదే శ్రుతి పలుకుతుంది. కేపోను దొంగదారిగా చూసే గురువులు ఉన్నారు, వారితో నేను ఏకీభవించను.

'హ్యాపీ బర్త్‌డే' పాటను అందరూ తేలికనుకుంటారు. దానికి 3 కార్డ్‌లు చాలిన మాట నిజమే గానీ, అది మూడేసి మాత్రల నడకలో సాగుతుంది, పైగా మొదటి మాటను తాళం దెబ్బకు ముందే ఎత్తుకోవాలి. నన్నడిగితే మన పిల్లలకు మొదట ఇవ్వవలసినవి బతుకమ్మ పాటలు. అవి కొద్ది స్వరాల మధ్యనే తిరుగుతాయి, ప్రతి చరణానికీ అదే వరుస, పాదం చివర 'ఉయ్యాలో' అన్నప్పుడు తర్వాతి పట్టుకు వేళ్లు సర్దుకునే వ్యవధీ దొరుకుతుంది. ఆడవాళ్లు చప్పట్లు కొట్టే చోటల్లా కుడిచేతితో పైనుంచి కిందికి ఒక మీటు మీటితే చాలు, వేరే స్ట్రమ్మింగ్ పాఠం అక్కర్లేదు. పాట ముందే చెవిలో ఉంటుంది కనుక, తప్పు ఎక్కడ దొర్లిందో గురువు చెప్పకముందే పిల్లలకు తెలుస్తుంది. జోలపాటలూ ఇందుకు పనికొస్తాయి.

ఇంటర్నెట్‌లో దొరికే తెలుగు పాటల కార్డ్‌లు ఎక్కువగా ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉంటున్నాయి. అందువల్ల మీ ఆదివారం అనుబంధంలో వారానికొక తెలుగు పాటను తెలుగు లిపిలో, ఏ అక్షరం మీద ఏ కార్డ్ పడుతుందో గుర్తించి, కేపో ఏ మెట్టు మీద ఉండాలో పైన సూచించి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. బతుకమ్మ పాటలతో జూన్‌లో మొదలుపెడితే, భాద్రపద అమావాస్య నాటి ఎంగిలిపూల బతుకమ్మకు పిల్లలు వాయించడానికి తగినంత వ్యవధి ఉంటుంది. కార్డ్‌లు గుర్తించే పనిని నాలాంటి ఉపాధ్యాయులు ఉచితంగానే చేసి పెట్టగలరు.

– ఒక గిటార్ ఉపాధ్యాయుడు, చిక్కడపల్లి, హైదరాబాద్